కరెంటు పోబట్టి బతికిండు

రైస్ మిల్లు పక్కన ఇల్లున్నవాళ్లకు ఒక చప్పుడు బాగా తెలుసు. రేకు మీద సుత్తి దెబ్బ. అర్ధరాత్రి ఠంగు ఠంగున పది దెబ్బలు, కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ పది. బిన్నులో, అంటే వడ్లు నింపే పెద్ద రేకు తొట్టిలో, వడ్లు పట్టుకున్నాయని, కిందికి దిగట్లేదని అర్థం. ఎవరో హమాలీ అడుగున గరాటు దగ్గర నిలబడి బాదుతుంటాడు. ఏ బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లుకైనా పోయినప్పుడు బిన్నుల అడుగుభాగం చూడండి, పాత సత్తు గిన్నెలా సొట్టలు పడి ఉంటుంది. నేను ఆ సొట్టలను పద్దుల పుస్తకంలా చదువుతాను. సొట్ట ఉందంటే అక్కడ వడ్లు ఆగాయి. సుత్తికి దిగకపోతే పైనుంచి ఒక మనిషి లోపలికి దిగాడు.

2013లో డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న రోజుల్లో కరీంనగర్ వైపు ఒక మిల్లులో గుమస్తాగా కుదిరాను. యాసంగి ఒకటి, వానాకాలం ఒకటి, రెండు సీజన్లు చేశాను. మిల్లు పేరు, ఊరి పేరు రాయను. రాస్తే ఇదంతా ఆ ఒక్క సేటు తప్పయిపోతుంది, చుట్టుపక్కల మిల్లుల వాళ్లు "మా దగ్గర అట్ల ఉండదు" అనుకుంటారు. ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మే నెల. రాత్రి పదకొండు దాటింది. ఆ వారంలో రెండుసార్లు గాలివాన పడింది. కొనుగోలు కేంద్రాల నుంచి వచ్చిన లారీల్లో సగం బస్తాలు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతున్నాయి. తడి వడ్లు కుప్పలో ఊరికే ఉండవు. వేడెక్కుతాయి, బూజు పడతాయి, ఒకదానికొకటి అంటుకొని అట్టలు కడతాయి. వాటిలో గడ్డి, సుతిలి ముక్కలు, మట్టిపెళ్లలు కలిశాయంటే ఇక చెప్పక్కర్లేదు. కింద గేటు తీస్తే కొంచెం దిగి ఆగిపోతాయి. ఆ రాత్రి సుత్తితో బాదారు, దిగలేదు. హమాలీల ముఠాలో అందరికంటే చిన్నవాడు, బిహార్ నుంచి వచ్చి నెల కూడా కాని పిల్లగాడు, ఇనుప చువ్వ పట్టుకొని పై మూతలోంచి నిచ్చెన దిగాడు. పైన వడ్లు నేలలా గట్టిగా ఉన్నాయి. అడుగున వడ్లను బకెట్లతో పైకి తోడే ఎలివేటర్ నడుస్తూనే ఉంది. అది నడుస్తుంటేనే గదా పొడిచిన పోటుకు వడ్లు కదిలాయో లేదో తెలిసేది! అందుకే ఎవరూ ఆపరు.

నాలుగు పోట్లు పొడిచాడట. అయిదో పోటుకు కాళ్ల కింద అట్ట విరిగింది. అట్ట కింద బోలు. అంతసేపూ అడుగు నుంచి వడ్లు కొంచెం కొంచెంగా పోయి, పైన పెంకు మాత్రం మిగిలింది. "భయ్యా" అన్న ఒక్క కేక రేకు గోడల్లోంచి వినిపించింది. నేను కాంటా గదిలోంచి లేచేలోపే మిల్లంతా చీకటయ్యింది. కరెంటు పోయింది.

ఆ రోజుల ఎండాకాలాలు గుర్తున్నవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. పరిశ్రమలకు కోతలు, పొలాలకు కోతలు, ఇళ్లకు కోతలు. మేం రోజూ తిట్టుకునే కోత ఆ రాత్రి సరిగ్గా ఆ క్షణాన వచ్చింది. ఎలివేటర్ ఆగింది. వడ్లు ఆగాయి. పిల్లగాడు ఛాతీ దాకా కూరుకొని ఆగాడు.

చీకట్లో ఆపరేటర్ జనరేటర్ షెడ్డు వైపు పరుగెత్తాడు. అతనిది చెడ్డ బుద్ధి అనలేను. కరెంటు పోగానే జనరేటర్ వేయడం, లైట్లు వెలగగానే ఎలివేటర్ పచ్చ బటన్ నొక్కడం అతని చేతులకు ఏళ్లుగా అలవాటైన వరుస. మేమంతా మామ అని పిలిచే పాత హమాలీ అడ్డం పోయాడు. "పోరడు లోపట ఉన్నడు, ముట్టకురా!" అని అరిచి, షెడ్డు గడపలో అడ్డంగా కూర్చున్నాడు. సేటు వచ్చి లేవమన్నా లేవలేదు. "వాడు బైటికొచ్చినంకనే లేస్త" అన్నాడు.

రెండున్నర గంటలు పట్టింది. మొదట చంకల కింద తాడు వేసి లాగారు. "కమర్, కమర్" (నడుము, నడుము) అని ఏడిస్తే వదిలేశారు. వడ్లు ఒంటిని అంత గట్టిగా పట్టుకుంటాయి, నలుగురు లాగితే వెన్ను విరుగుతుంది గానీ మనిషి రాడు. తర్వాత ఎవరికి తోచిందో, పాత తలుపు చెక్కలు దించి అతని చుట్టూ నాలుగు వైపులా నిలువుగా దిగగొట్టారు. చెక్కల మధ్యలో ఉన్న వడ్లను నూనె డబ్బాలతో తోడిపోశారు. బయటికొచ్చాక నీళ్లు తాగి, అతను అడిగిన మొదటి మాట చువ్వ గురించి. చువ్వ లోపల పడిపోయింది, ఎలివేటర్ బకెట్లకు తగిలితే విరుగుతాయి, సేటు తనను అంటాడేమోనని.

ఆ రాత్రి పద్దు నేనే రాశాను. "కరెంటు కోత. ఎలివేటర్ బంద్, 3 గంటలు." మనిషి సంగతి రాయలేదు. రాయొద్దని నాకెవరూ చెప్పలేదు. ఆ పుస్తకంలో దానికి గడి లేదు, నాకూ గడి గీయాలని తట్టలేదు.

వడ్లలో మనిషి మునుగుతాడంటే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. కల్లంలో రాశి మీద పిల్లలు దొర్లలేదా, ఏమైందని అడుగుతారు. నిలిచిన వడ్లు నేల లాంటివే. అడుగున రంధ్రం తెరిచి జారనిస్తే అవే వడ్లు ఊబి అవుతాయి. బిన్నులో వడ్లు అన్నీ ఒక్కసారి సమంగా దిగవు. నడిమి వడ్లు ముందు దిగుతాయి, పైన గరాటులా గుంట పడుతుంది, ఆ గుంటలోకి చుట్టూ ఉన్నవి జారుతుంటాయి. లోపలున్న మనిషి కూడా ఆ నడిమికే జారుతాడు. గంటకు 30 టన్నులు లాగే ఎలివేటర్ అనుకుందాం. సెకనుకు 8 కిలోల పైన. వడ్లు లీటరుకు 600 గ్రాముల లోపే తూగుతాయి. మనిషి ఒళ్లు ఓ 70 లీటర్ల చోటు. అంత చోటు ఖాళీ కావడానికి 40 కిలోల వడ్లు పోతే చాలు, అంటే అయిదు సెకన్లు. ఇది గుమస్తా లెక్క, అచ్చంగా అలాగే జరుగుతుందని కాదు. కానీ అమెరికాలో ఈ పని నేర్పేవాళ్లు చెప్పే లెక్క కూడా దీనికి దూరంగా లేదు. జారుతున్న గింజల్లో నాలుగైదు సెకన్లకు మనిషి తనంతట తాను కాళ్లు లాక్కోలేడు, ఇరవై చిల్లర సెకన్లకు తల కనబడదు. ఛాతీ మునిగాక ఊపిరి వదిలినప్పుడల్లా రొమ్ము తగ్గిన ఆ కాస్త సందులోకి వడ్లు జరుగుతాయి. తిరిగి పీల్చుకోవడానికి చోటుండదు. తల పైన ఉండి కూడా చనిపోవచ్చు.

మా అవ్వకు ఈ లెక్కలు రావు. పరకాల దగ్గర మా ఇంట్లో గుమ్మి ఉండేది, వెదురు అల్లికకు పేడా మట్టీ మెత్తింది. అడుగున రంధ్రానికి గుడ్డ పీలిక కుక్కి ఉండేది. పీలిక తీసి వడ్లు వదిలే వేళ పిల్లలం గుమ్మి అంచు ఎక్కామంటే చేతికందింది విసిరేది, చీపురో చెంబో. వడ్లు దాచడానికి నేలలో తవ్విన పాతరలున్న ఇళ్లలో ఇంకో కట్టడి. మూత తీసిన వెంటనే ఎవరూ దిగరు. కాసేపు గాలి ఆడనిచ్చి, తాడుకు దీపం కట్టి దింపుతారు. దీపం ఆరితే మనిషి దిగడు. మూసిపెట్టిన గింజలు, వాటికి పట్టిన బూజు లోపలి ప్రాణవాయువును తినేస్తాయని వాళ్లకు పుస్తకం చెప్పలేదు, ఎప్పుడో ఎవరో పోతే నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ గాలికి తోడు పురుగుకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల వాయువు కూడా ఉంది. గుమ్మి పోయి నలభై అడుగుల బిన్ను వచ్చింది. అవ్వ చీపురు మాత్రం మిల్లు దాకా రాలేదు.

పేపర్లలో ఇలాంటి వార్త వస్తే ఒకే మాట: "ప్రమాదవశాత్తు వడ్లలో పడి". నాకు ఆ "పడి" దగ్గర ఒళ్లు మండుతుంది. బావిలో పడతారు, చెరువులో పడతారు. బిన్నులో ఎవరూ పడరు. పై మూత బోల్టులు విప్పి, నిచ్చెన దించి, చేతికి చువ్వ ఇచ్చి పంపితే దిగుతారు. ఇక "ప్రమాదవశాత్తు" అంటే, వడ్లు పట్టుకోవడం సీజన్లో ఒక్కసారి జరిగేదైతే ప్రమాదమే అందాం. వారానికి నాలుగుసార్లు జరిగేది మిల్లు పనిలో భాగం. సొట్టలే సాక్ష్యం.

సేట్లు చెప్పే జవాబు నాకు తెలుసు, వాళ్ల పక్కన కూర్చొని విన్నాను. "నేను దిగమనలేదు, వాడే దిగిండు." నిజమే అయ్యుండొచ్చు. ముఠాకు కూలి బస్తా లెక్కన. ఎలివేటర్ అరగంట ఆగితే ముందు పోయేది ముఠా కూలి, తర్వాతే సేటు లాభం. పైగా లారీలు రోడ్డు మీద బారు తీరి ఉంటాయి, డ్రైవర్లు హారన్లు కొడుతుంటారు. దిగమని నోటితో చెప్పాల్సిన అవసరమే లేకుండా లెక్క కట్టి ఉంది. చనిపోయినవాడి అజాగ్రత్తను సాకుగా చూపి పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని 1923 నాటి పరిహార చట్టమే అనేది. తెల్లదొరల కాలపు చట్టానికి ఉన్న ఇంగితం మనకు లేకుండా పోయింది.

చట్టం లేదా అంటే అప్పుడూ ఉంది. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ప్రమాదకరమైన వాయువో ధూళో ఉండే అవకాశమున్న గది, తొట్టి, గుంత లాంటి ఇరుకు చోట్లలోకి మనిషిని పంపాలంటే లోపలి గాలిని పరీక్షించి తెలిసినవాడు రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా మనిషికి ఊపిరి పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలని కూడా రాశారు. 1948లో! కాకపోతే రాసినవాళ్ల దృష్టంతా గాలి మీదే ఉంది. గింజే మనిషిని మింగుతుందన్నది అందులో లేదు. గాలి బాగానే ఉన్న బిన్నులో, పై మూత తెరిచే ఉన్న బిన్నులో మా పిల్లగాడు ఛాతీ దాకా పోయాడు.

ఇంకో సంగతి. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్‌లో ఆ 10 కాస్తా 20 అయింది. మా మిల్లు హాజరు పుస్తకంలో ఆరుగురి పేర్లుండేవి. ముఠాలో పద్నాలుగు మంది మేస్త్రీ మనుషులు. పేర్లు మేస్త్రీ జేబులోని చిన్న పుస్తకంలో ఉంటాయి, సేటుకు సంఖ్య మాత్రం తెలుసు. ఇరవై లెక్క ఎవరు కడతారు?

చిన్నవాటిని చట్టం బయట పెడితే ఏమవుతుందో చూడ్డానికి అమెరికా ఉంది. అక్కడ 1987 ఆఖర్లో గింజల గిడ్డంగులకు ప్రత్యేకంగా నియమాలు పెట్టారు. మనిషి లోపలుంటే యంత్రాలన్నీ ఆపి తాళం వేయాలి, తాడు కట్టాలి, బయట కాపలా మనిషి ఉండాలి, వడ్లు దిగడానికి వాటి మీద నడవడం నిషేధం. రైతుల సొంత బిన్నులు మాత్రం ఆ నియమాల కిందికి రావు. పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు దశాబ్దాలుగా ఈ ప్రమాదాలను ఒక్కొక్కటీ రాసిపెడుతున్నారు. నియమాల బయట ఉన్న ఆ రైతుల బిన్నుల దగ్గరే ఎక్కువ జరుగుతున్నాయి. నియమం ఉన్నచోట కూడా సేటు సేటే. 2010 జులైలో ఇల్లినాయి రాష్ట్రం మౌంట్ కారల్‌లో గట్టిపడ్డ మక్కలను కదపడానికి పిల్లలను బిన్నులోకి దింపారు. కింద నుంచి మక్కలు తీస్తూనే ఉన్నారు, నడుముకు తాడు లేదు. 14 ఏళ్లవాడు, 19 ఏళ్లవాడు చనిపోయారు. మూడోవాణ్ని గంటల తరబడి కష్టపడి తీశారు. ముందు కూరుకుపోయింది చిన్నవాడు. మిగతా ఇద్దరూ వాణ్ని పట్టుకోబోయి చిక్కారు.

ఆ పట్టుకోబోవడమే రెండో చావు. మన దగ్గర పాత బావుల్లో మోటారు బాగుచేయడానికి దిగినవాళ్ల వెనక అన్నదమ్ములు దిగి పోయిన కథలు ఏ మండలంలోనైనా ఉంటాయి. బిన్నులోకి రెండో మనిషి దిగితే తన బరువుతో మొదటివాడి మీదికి ఇంకిన్ని వడ్లు నెడతాడు. అమెరికాలో అగ్నిమాపకదళం వాళ్లు రేకు పలకలను మునిగిన మనిషి చుట్టూ దించి, ఒకదానికొకటి తగిలించి, మధ్యలో గింజ తోడేస్తారు. అవసరమైతే బిన్ను గోడను చుట్టూ సమంగా అక్కడక్కడా కోసి వడ్లు బయటికి వదులుతారు, ఒక్క వైపే కోస్తే బిన్ను కూలుతుంది కాబట్టి. ఆ పలకల సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. మా ముఠా వాళ్లు పాత తలుపు చెక్కలతో చేసింది అచ్చంగా అదే. వరంగల్ ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపువాడైనా ఒక్క రోజులో చేసిస్తాడు. ఒక్కో మిల్లుకు కూడా అక్కర్లేదు, మండలానికి ఒక జత ఉన్నా చాలు.

మన నేల మీదే వేరేచోట్ల మనకు ఈ పని చేతనయ్యింది. సుల్తానాబాద్ మిల్లుల నుంచి గోదావరిఖని ఎంత దూరం? బస్సులో గంట. అక్కడ గనిలో దిగే ప్రతి మనిషికీ మస్టర్ ఉంటుంది, ఎవరు లోపలున్నారో ఎవరు పైకొచ్చారో పుస్తకం చెబుతుంది, గాలి చూసే మనిషి వేరుగా ఉంటాడు. సింగరేణిలో చావులు ఆగలేదు, నాకు తెలుసు, కానీ అక్కడ మనిషి లోపలున్నాడన్నది ఒక రాత. గీత కార్మికులకు 2024లో ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇచ్చింది. మోకు, ముత్తాదు తప్ప ఎరగని వృత్తికి బెల్టూ తాడూ వచ్చాయి. తాడి చెట్టు మీంచి పడితే ఊరంతా చూస్తుంది. బిన్నులో పోతే నలుగురు ముఠావాళ్లు చూస్తారు, వాళ్లు మరుసటి సీజన్‌కు ఇంకో జిల్లాలో ఉంటారు.

బిహార్ ముఠాలంటే గుర్తొచ్చింది. 2020 మే 8న లాక్‌డౌన్ నడుమ ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక రైలు వచ్చింది, మన రైస్ మిల్లుల హమాలీలను తీసుకొని. స్టేషన్లో మంత్రులు పూలిచ్చి ఎదురుకున్నారు. వాళ్లు లేకపోతే వడ్లు దిగవని ఆ రోజు ప్రభుత్వానికీ సేట్లకూ రైతులకూ అందరికీ తెలిసింది. పూలు ఇచ్చిన సంగతి తప్పుబట్టను. కానీ మన మిల్లుల్లో "లోనికి ప్రవేశం లేదు" అన్న బోర్డు ఇప్పటికీ తెలుగులోనే ఉంటుంది, దిగేవాడు మైథిలీ మాట్లాడే పిల్లగాడు.

అసలు మనిషి ఎందుకు దిగాలి అన్నది ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా తొలిచే ప్రశ్న. వడ్లు ఆరి ఉంటే పట్టుకోవు. కొనుగోలుకు తేమ 17 శాతం దాటొద్దని నియమం. 2014-15లో తెలంగాణలో కొన్న వడ్లు 24 లక్షల టన్నులు, 2020-21 నాటికి 141 లక్షల టన్నులు. నీళ్లొచ్చాయి, పంట పెరిగింది, సంతోషం. కల్లాలు పెరగలేదు. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లను రోడ్డు మీద ఆరబోసి, వాన మబ్బు చూసి ఎత్తి, టార్పాలిన్ కప్పి, లారీ కోసం పది రోజులు ఎదురుచూసిన రైతును నేనెలా తప్పుపట్టను? మా బాబాయి కూడా ఆ వరుసలోనే ఉంటాడు. తూకంలో తరుగు తీస్తారని మనం కొట్లాడతాం, కొట్లాడాలి కూడా. అయితే ఆరని వడ్లు ఎలాగైనా మిల్లు ఎక్కాక ఆ తేమ మాయం కాదు, బిన్ను అడుగున అట్టగా మారి ఒక మనిషిని పిలుస్తుంది. కల్లాలకూ డ్రయ్యర్లకూ పెట్టే ఖర్చును రైతు ఖాతాలోనే రాస్తున్నాం. దాన్ని హమాలీ ప్రాణం కోసం పెట్టే ఖర్చుగా కూడా రాయాలి.

దిగక తప్పని రోజు ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ రోజుకు నేను అడిగేది హెల్మెట్లూ పోస్టర్లూ భద్రతా వారోత్సవాలూ కాదు. ఒక తాళం. పానెల్ దగ్గర ఎలివేటర్ స్విచ్ ఆపి తాళం వేయాలి, అడుగున గేటు మూసి దానికీ వేయాలి, తాళంచెవి లోపలికి దిగేవాడి జేబులో ఉండాలి. ఆపరేటర్ దగ్గరో సేటు దగ్గరో కాంటా గదిలోనో ఉంటే లాభం లేదు. జనరేటర్ వైపు పరుగెత్తే అలవాటైన కాళ్లను మాటలు ఆపలేవు. ఆ రాత్రి మామ గడపలో కూర్చొని చేసింది తాళం పనే. ప్రతి మిల్లుకు ఒక మామ దొరకడు, తాళం మాత్రం రెండు మూడు వందలకు వస్తుంది. నడుము తాడు, బయట మనిషి, పైనుంచి దిగకుండా పక్క నుంచి పొడిచేందుకు గోడకు చిన్న కిటికీలు, ఇవన్నీ కావాలి. తాళం లేకుండా ఇవి ఉన్నా నాకు నమ్మకం లేదు.

పోయిన యాసంగిలో బాబాయి వడ్ల లారీ వెంట ఒక మిల్లుకు పోయాను. ఇది వేరే మిల్లు, కొత్తది, కాంటా కూడా కంప్యూటర్‌ది. దిగుమతి అయ్యేలోపు ఊరికే తిరుగుతూ పానెల్ గదిలోకి తొంగి చూస్తే ఎలివేటర్ స్విచ్‌కు నిజంగానే ఎర్ర తాళం వేలాడుతోంది. నాకు ఎంత సంతోషమయ్యిందో! "చెవి ఎవరి దగ్గర ఉంటది తమ్మీ?" అని ఆపరేటర్‌ను అడిగాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే చేత్తో చూపించాడు. స్విచ్ పక్కనే గోడకు మేకు కొట్టి ఉంది, చెవి దానికే వేలాడుతోంది.

"ఎవరికన్న అక్కెరపడ్తదని గీడనే పెట్టినం అన్నా" అన్నాడు.